తాలు

ఎనుమాముల కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డుల
పద్దెనిమిదేండ్లు మిరపకాయ తొడిమె తీసిన.
ఎర్రది ఒక కుప్ప, తాలు ఒక కుప్ప.
తెల్లమచ్చ ఏ మడతల దాగినా
కన్నుకంటె ముందు నా వేలే పట్టేది.

నా లోపలి మచ్చను మాత్రం
ఇంకొకలు చూసి చెప్పాల్సొచ్చింది.

ఆశా వర్కర్ సులోచన మా కుప్పోళ్లందరిని తోల్కపోయింది.
"నొప్పే లేదు, ఎందుకే?" అంటే
"లేనప్పుడే చూపెట్టుకోవాలె" అన్నది.
నర్సు దూదికి పుల్లటి మందు అద్దింది, సిర్కా వాసన.
ఒక నిమిషం ఆగి, లైటు ఏసి
"తెల్లగైంది" అన్నది పక్కామెతోని.
నేను కప్పు దిక్కు చూస్తున్న.
తెల్లగైతే ఏందో
నాకెవలు చెప్పాలె?

హన్మకొండ ప్రసూతి దవాఖాన.
నా ఇద్దరు పిల్లలు ఈ గోడల నడుమనే ఏడ్చిండ్రు.
వాళ్లు వచ్చిన తొవ్వకు ఒక పేరున్నదని ఇప్పుడు తెలిసింది:
గర్భసంచి మూతి.
మా అమ్మ "అక్కడ" అనేది.
మా అత్త అదీ అనకపోయేది.

డాక్టరమ్మ కాయిదం మీద బొమ్మ గీసింది.
"క్యాన్సర్ కాదమ్మా. దాని తొవ్వల ఉంది.
మెట్లెక్కింది, గడప దాటలేదు."
"తొడిమె కాడ గిల్లినట్టా?" అన్న.
రాసేది ఆపి నా మొఖం చూసింది.
"అట్లనే."

సన్నటి తీగ.
ముక్కుపుడకకు మలిచే అంత తీగ.
సూది గుచ్చినంక గుండె దడదడ కొట్టుకున్నది.
మందుకే అట్లైతది, భయపడకన్నరు.
మందుదెంత, భయానిదెంత, ఎవలు ఏరుతరు?
మిషన్ గుర్రుమన్నది.
కమురు వాసన వస్తే
ఏ పొయ్యిమీద ఏం మాడుతుందో అనుకున్న ఒక్క గడియ.
పది నిమిషాలు పట్టలే.
చిటికెనవేలు కొసంత ముక్క సీసాల ఏసి
మూతమీద పేరు రాసిండ్రు: బొల్లం ఉప్పలమ్మ.
రేషన్ కార్డుల కూడ ఇంత సక్కగ లేదు.

నాలుగు వారాలు బరువులెత్తొద్దు.
నీళ్లల్ల మునుగొద్దు.
ఆయనకు దూరముండాలె.
ఆ మూడోది ఇంటికాడ గోడకు చెప్పినట్టు చెప్పిన.
ఓదెలు "ఊ" అని మంచం ఎత్తి బయట ఏసుకున్నడు.
తెల్లారి నల్లా కాడ బిందె ఆయన భుజం మీద.
గట్టమ్మ నవ్వితే
"ఆడోళ్ల నీళ్లు, మొగోళ్ల నీళ్లని ఉంటయా" అన్నడు.

ఐదో నాడు ఆయనే,
"ఎవలకు లేంది నీకెట్ల వచ్చిందే?" అన్నడు.
బువ్వల రాయి తగిలినట్టైంది.
ఒక్కదాన్నే తెచ్చుకున్ననా అని నేను అడగలే.
ఆయన చెప్పలే.
బిందె మాత్రం మోసిండు.

ముందు నీళ్లు పోయినయి,
తర్వాత కాపీ పొడి లెక్క నల్లగ.
తొమ్మిదో రాత్రి ఎర్రగ కనబడ్డది.
ఫోన్ చేస్తే, గంటల గుడ్డ నిండితే రమ్మన్నరు.
దీపం తీయకుండ కూసున్న. నిండలే.
ఇరవై ఎనిమిది దినాల కైకిలి పోయింది,
అది ఏ రిపోర్టుల రాయలే.

మంటకు అలవాటైన చేతులు
మంట లేక దురదపెట్టినయి.
ఉత్తగ కూసుంటే
వేళ్లు కొంగుకున్న దారాలు తెంపుతున్నయి.

షెడ్డుకు మళ్లినంక ఒకనాడు
లారీల మోత నడుమ ఫోన్.
"ఏమన్నవమ్మా? గట్టిగ చెప్పు!"
"అంచులు శుభ్రం! ఆరు నెలలకు మళ్ల రా!"
గట్టిగనే చెప్పింది. మొత్తం కుప్ప విన్నది.

చిన్నది స్వరూప దగ్గరికి జరిగి అడిగింది,
"అక్కా, అక్కడ కోస్తే ఏడ్చినవా?"
"అక్కడ కాదే, దానికి పేరున్నది" అని
చెవుల చెప్పిన.
తర్వాత చెవుల ఎందుకనుకొని
మళ్ల చెప్పిన.

చేతులున్న కాయకు తొడిమె కాడ ఇంత తెలుపు.
లెక్కకైతే అది తాలు కుప్పల పడాలె.
మచ్చవరకే గిల్లి
ఎర్రకుప్పల ఏసిన.
గుమాస్తా చూసిండు.
చూడనీ.